డిప్లొమా నుంచి బీటెక్ రెండో ఏటికి: టీజీ ఈసెట్ దరఖాస్తు విధానం

మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తిచేసిన విద్యార్థి బీటెక్‌లో మళ్లీ మొదటి సంవత్సరం నుంచి చదవనవసరం లేదు. డిప్లొమాలో నేర్చుకున్నది మొదటి ఏడాది చదువుకు సరితూగుతుందో లేదో ఒక పరీక్షతో తేల్చి, అర్హత సాధించినవారిని నేరుగా రెండో సంవత్సరంలో చేర్చుకునే ఏర్పాటే ఈసెట్. తెలంగాణ ఉన్నత విద్యామండలి తరఫున ఒక విశ్వవిద్యాలయం దీన్ని ఏటా నిర్వహిస్తుంది. 2025లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మే 12న నిర్వహించింది. గణితం ఒక సబ్జెక్టుగా బీఎస్సీ చదివినవారు బీటెక్ రెండో ఏట చేరడానికీ, డీఫార్మసీ చదివినవారు బీఫార్మసీ రెండో ఏట చేరడానికీ ఇదే దారి. హనుమకొండలో ఉంటూ ఏటా కొందరు విద్యార్థుల దరఖాస్తులు దగ్గరుండి చూస్తున్నాను. వరంగల్, పరకాల, జగిత్యాల, బెల్లంపల్లి వైపు పిల్లలు చదువులో తడబడినదానికంటే ఫారం నింపడంలో తడబడి ఇబ్బంది పడటమే ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, ఆ ఫారం గురించే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

అర్హత విషయం సూటిగానే ఉంటుంది. డిప్లొమాలో ఓపెన్ కేటగిరీ వారికి 45 శాతం, రిజర్వేషన్ వర్గాల వారికి 40 శాతం మార్కులుండాలి. చివరి సెమిస్టర్ రాస్తున్నవారు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు, అయితే కౌన్సెలింగ్ నాటికి డిప్లొమా ఉత్తీర్ణులై మెమోలు చేతిలో ఉండాలి. బ్యాక్‌లాగ్ సబ్జెక్టులు, అంటే ఇంకా పాసవని సబ్జెక్టులు, ఉన్నవారు ఈ ఒక్క మాటను గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మంచి ర్యాంకు వచ్చినా ఒక్క సబ్జెక్టు మిగిలిపోతే ఆ ఏటికి సీటు అందదు.

కంప్యూటర్ ముందు కూర్చునే ముందే పదో తరగతి మెమో, డిప్లొమా పిన్ నంబరు (పాలిటెక్నిక్‌లో విద్యార్థికి ఇచ్చే గుర్తింపు సంఖ్య), ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, ఫోటో, సంతకం స్కాన్ కాపీలు ఒకచోట పెట్టుకోవాలి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఎలా ఉంటే అక్షరం పొల్లు పోకుండా అలాగే ఎక్కించాలి. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి ఆధార్‌లో పూర్తిగా ఉండటం మన ప్రాంతంలో చాలా మామూలు. అలాంటప్పుడు ఆధార్ చూసి ఫారం నింపితే తర్వాత సర్టిఫికెట్ల పరిశీలనలో ప్రశ్న తలెత్తుతుంది. మొబైల్ నంబరు కూడా నెట్ సెంటర్ వారిది కాకుండా ఇంట్లో ఎప్పుడూ పనిచేసే నంబరే ఇవ్వాలి, ఎందుకంటే కౌన్సెలింగ్ దాకా సమాచారమంతా ఆ నంబరుకే వస్తుంది.

దరఖాస్తు పూర్తిగా ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది. అధికారిక వెబ్‌సైట్‌లో ముందుగా ఫీజు చెల్లించాలి. ఇటీవలి నోటిఫికేషన్లలో ఇది ఎస్సీ, ఎస్టీ వర్గాల వారికి, దివ్యాంగులకు 500 రూపాయలు, మిగతావారికి 900 రూపాయలుగా ఉంది. కార్డు, నెట్ బ్యాంకింగ్ లేనివారు టీజీ ఆన్‌లైన్ కేంద్రంలో నగదుగా కట్టవచ్చు. చెల్లింపు జరిగిందని చూపించే నంబరును వెంటనే కాగితం మీద రాసుకోవాలి, ఎందుకంటే ఆ నంబరు లేకుండా అసలు ఫారం తెరుచుకోదు. డబ్బు ఖాతా నుంచి పోయినా తెర మీద నంబరు రాకపోతే రెండోసారి కట్టవద్దు. సైట్‌లోనే చెల్లింపు స్థితి చూసుకునే వీలుంది, ముందుగా అక్కడ చూసుకోవాలి. ఆ తర్వాతే వివరాలు నింపి, పరీక్ష కేంద్రం ఎంచుకుని, ఫోటో, సంతకం జతచేసి సమర్పించాలి. సమర్పించాక వచ్చే ప్రింటును జాగ్రత్తగా దాచుకోవాలి.

అన్నిటికంటే మెలకువ అవసరమైనది పేపరు ఎంపిక దగ్గర. ఈసెట్‌లో ఇంజినీరింగ్ వారికి 200 ప్రశ్నలు, 200 మార్కులు. అందులో గణితం 50, భౌతికశాస్త్రం 25, రసాయనశాస్త్రం 25 పోగా, మిగిలిన 100 మార్కులు డిప్లొమాలో చదివిన బ్రాంచికే ఉంటాయి. అంటే పేపరు తప్పుగా ఎంచుకుంటే సగం ప్రశ్నపత్రం ఎన్నడూ చదవని సబ్జెక్టుది అవుతుంది. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం పరకాల వైపు నుంచి వచ్చిన అమ్మాయి తన దరఖాస్తు ప్రింటు నా ముందు పెట్టి, అంతా సరిగ్గా ఉందో లేదో చూడమంది. పేరు, తేదీ, ఫోటో అన్నీ బాగానే ఉన్నాయి. వేలు పెట్టి ఒక్కో వరుసా చదువుకుంటూ వస్తే పేపరు దగ్గర ‘ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్’ అని కనిపించింది. ఆమె పిన్ నంబరు మధ్యలో ఉన్న అక్షరాలు మాత్రం ‘ఈఈ’, అంటే ఎలక్ట్రికల్. ఫారం నింపిన నెట్ సెంటర్ అతను తెర మీద జాబితాలో ఒక వరుస పొరపాటున నొక్కాడు. ఆ అమ్మాయి ప్రింటు తీసుకుని మడిచి సంచిలో పెట్టుకుంది. గడువు మిగిలి ఉండబట్టి డిప్లొమా మెమోలు జతచేసి కన్వీనర్‌కు, అంటే పరీక్ష నిర్వహణ చూసే అధికారికి, మెయిల్ పంపి సరిచేయించుకోగలిగాం. లేకుంటే ఆమె మూడేళ్ల చదువుకు ఆ 100 మార్కుల్లో చోటే ఉండేది కాదు. అందుకే ఎవరు నింపిపెట్టినా సరే, సమర్పించే ముందు పిన్ నంబరులోని బ్రాంచి అక్షరాలను, పేపరు పేరును పక్కపక్కన పెట్టి చూడమని ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను.

గడువు ముగిశాక తప్పులు దిద్దుకోవడానికి కొన్ని రోజులు అవకాశమిస్తారు. కొన్ని వివరాలను విద్యార్థే సైట్‌లో మార్చుకోవచ్చు. పేరు, పుట్టిన తేదీ, ఫోటో, సంతకం వంటివి మాత్రం ఆధారాలు జతచేసి కన్వీనర్ కార్యాలయానికి మెయిల్ ద్వారా కోరితేనే మారతాయి. అసలు గడువు దాటాక దరఖాస్తు చేసేవారికి అపరాధ రుసుము పడుతుంది. రోజులు గడిచేకొద్దీ అది పెరుగుతుంది.

పరీక్ష కంప్యూటర్ మీద మూడు గంటలు. 200 ప్రశ్నలకు 180 నిమిషాలంటే ప్రశ్నకు 54 సెకన్లే. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ వదిలేయకూడదు. అర్హతకు 25 శాతం, అంటే 50 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీ వర్గాల వారికి ఈ కనీస మార్కుల నిబంధన లేదు. బయోమెట్రిక్ హాజరు తీసుకుంటారు, పైగా మే నెల పెళ్లిళ్ల కాలం, కాబట్టి పరీక్షకు ముందు వేళ్లకు గోరింటాకు పెట్టుకోకపోవడం మేలు. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. ఏటూరునాగారం, భూపాలపల్లి వైపు నుంచి తెల్లవారి మొదటి బస్సును నమ్ముకుని బయల్దేరడం కంటే ముందురోజే వరంగల్ చేరి, కేంద్రం ఎక్కడుందో ఒకసారి చూసుకోవడం మంచిది.

ర్యాంకు కార్డులో ఇంటిగ్రేటెడ్ ర్యాంకు (అన్ని బ్రాంచిల వారినీ కలిపి ఇచ్చేది), బ్రాంచి ర్యాంకు రెండూ ఉంటాయి. ఆపైన కౌన్సెలింగ్‌కు విడిగా ఆన్‌లైన్‌లో ప్రాసెసింగ్ ఫీజు కట్టి, స్లాటు బుక్ చేసుకుని, హెల్ప్‌లైన్ కేంద్రంలో సర్టిఫికెట్లు చూపించాలి. ఏడో తరగతి నుంచి డిప్లొమా దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. మధ్యలో బడి మారినవారు పాత బడికి వెళ్లి తెచ్చుకోవాల్సి వస్తుంది, వేసవి సెలవుల్లో అక్కడ ఎవరూ ఉండరు, కనుక ఏప్రిల్‌లోనే తెచ్చి పెట్టుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆశించే బీసీ, ఈబీసీ కుటుంబాలకు ఏడాది ఆదాయం గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల రూపాయలు మించకూడదు. తహసీల్దార్ ఇచ్చిన ఆదాయ పత్రం ఆ ఏడాది జనవరి 1 తర్వాతిదై ఉండాలి. పోయిన సంవత్సరం మీ సేవలో తీసుకున్నది బీరువాలో ఉందని ధీమాగా వచ్చి, మళ్లీ మండల కార్యాలయానికి పరుగెత్తినవారు ఉన్నారు.

పరిశీలన పూర్తయ్యాక వెబ్ ఆప్షన్లు ఇవ్వాలి. చేరడానికి సిద్ధపడే ప్రతి కాలేజీని, ప్రతి బ్రాంచిని ఇష్టమైన వరుసలో పెట్టి ఫ్రీజ్ చేయాలి, అంటే ఆ వరుసను ఖరారు చేయాలి. సీటు వచ్చాక ట్యూషన్ ఫీజు కట్టాల్సి ఉంటే కట్టి, గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, అంటే ఆ సీటు తీసుకుంటున్నట్టు సైట్‌లో తెలపాలి. అది చేయకపోతే వచ్చిన సీటు రద్దయిపోతుంది. ఆ తర్వాత అసలు టీసీతో, సర్టిఫికెట్లతో కాలేజీకి స్వయంగా వెళ్లి చేరాలి.