ఇంజన్ సైకిల్‌కి చలి గ్లౌజులు: ముందు బ్రేకు లాగి చూడండి

సైకిల్‌కి ఇంజన్ కిట్ బిగించుకున్న మొదటి చలికాలం నేను కొన్నది మంచులో ఆడుకునేవాళ్లు వేసుకునే రకం గ్లౌజులు. లావుగా, మెత్తగా, వేళ్లు దిండులో పెట్టినట్టు ఉండేవి. మూడో రోజు, ఇంకా చీకటి విడవకముందే డ్యూటీకి వెళ్తుంటే కుక్క అడ్డం వచ్చింది. అలవాటు ప్రకారం రెండు వేళ్లతో బ్రేకు లాగాను. లివర్ సగం దూరం వచ్చి ఆగిపోయింది. గ్రిప్ పట్టుకుని ఉన్న మిగతా రెండు వేళ్లూ లివర్ కింద ఇరుక్కున్నాయి, ఆ దూది మందమే బ్రేకుకి అడ్డం పడింది. కుక్క తప్పుకుంది కాబట్టి సరిపోయింది. ఇంటికొచ్చాక చూసుకుంటే ఉంగరపు వేలి కణుపు మీద లివర్ అచ్చు పడి ఉంది.

అప్పటినుంచి గ్లౌజులు ఎంత వెచ్చగా ఉన్నాయన్నది నేను తర్వాతే చూస్తాను. మొదట చూసేది వాటితో బ్రేకు చివరిదాకా వస్తుందా లేదా అన్నదే.

మన బండి మామూలు సైకిల్‌కీ పెద్ద బైకుకీ మధ్యరకం. మామూలు సైకిల్ తొక్కేవాడికి ఒళ్లు వేడెక్కుతుంది, పల్చటి గ్లౌజులతో గడిచిపోతుంది. మనం తొక్కం, కదలకుండా కూర్చుంటాం. గాలి మాత్రం గంటకి 30, 40 కిలోమీటర్ల వేగంతో చేతుల మీదే కొడుతుంది. వాతావరణ శాఖలు వాడే గాలి చలి లెక్క ప్రకారం 5 డిగ్రీల చలిలో 40 వేగంతో వెళ్తే ఒంటికి సుమారు మైనస్ 1 లాగా అనిపిస్తుంది. సున్నా డిగ్రీలైతే మైనస్ 7. పోనీ పెద్ద బైకుల గ్లౌజులు తెచ్చుకుందామంటే, వాటిని కుట్టింది పొడుగైన లివర్లనీ లావుపాటి గ్రిప్పులనీ దృష్టిలో పెట్టుకుని. మన సైకిల్ లివర్లు చిన్నవి, గ్రిప్‌కి దగ్గరగా ఉంటాయి. పైగా ఇంజన్ నేరుగా ఫ్రేముకే బిగించి ఉంటుంది కాబట్టి వణుకంతా హ్యాండిల్‌కి వస్తుంది.

వెచ్చదనం సంగతికొస్తే, ముందు గాలి ఆగాలి. లోపల ఎంత దూది ఉన్నా గాలి దూరితే దండగే, ఎందుకంటే చలిని ఆపేది దూది కాదు, దాని సందుల్లో కదలకుండా నిలిచిన గాలి. షాపులోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. గ్లౌజు చేతివెనక భాగాన్ని పెదాలకి ఆనించి గట్టిగా ఊదండి. లోపల పెట్టిన వేలికి మీ ఊపిరి తగిలితే అది అక్కడే పెట్టేసి వచ్చేయండి. తర్వాత చూడాల్సింది దూది ఎక్కడ ఉందన్నది. థిన్సులేట్ లాంటి కృత్రిమ దూదికి చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని లేబుల్ మీద రాస్తారు, 40, 100, 150 అలా. గాలి కొట్టేది చేతివెనక కాబట్టి అక్కడ ఎక్కువ ఉండాలి. అరచేతి వైపు తక్కువే మేలు. రెండు వైపులా ఒకే మందం ఉందంటే అది నడిచి తిరగడానికి కుట్టింది.

ఇక మెత్త. చాలామంది ఇక్కడే పొరపడతారు, నేనూ పడ్డాను. మణికట్టు దగ్గర చిటికెన వేలి వైపు అరచేతిలో ఒక నరం పెద్దగా కండ రక్షణ లేకుండా వెళ్తుంది. హ్యాండిల్ మీద బరువు వేసి కూర్చుంటే అది నలిగి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. జెల్ మెత్త ఉండాల్సింది ఆ చోటే, దాంతోపాటు బొటనవేలి మొదట్లో కొంచెం. అరచేయంతా పరుపు కుట్టిన గ్లౌజు వేసుకుంటే గ్రిప్ లావైపోయినట్టుంటుంది, తెలియకుండానే గట్టిగా పిసికి పట్టుకుంటాం. ఎంత గట్టిగా పట్టుకుంటే వణుకు అంతగా చేతికెక్కుతుంది. అరగంటకి ముంజేయి రాయి అవుతుంది.

వణుకు తగ్గిస్తుందని ఐఎస్‌ఓ 10819 అనే అంతర్జాతీయ ప్రమాణం ముద్ర వేసిన పనివాళ్ల గ్లౌజులూ దొరుకుతాయి. వాటి మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. అవి బాగా ఆపేది గ్రైండర్ లాంటివాటి సన్నటి, వేగమైన వణుకుని. మన టూ స్ట్రోక్ ఇంజన్ నిమిషానికి 4,500 తిరుగుళ్లు తిరిగితే సెకనుకి 75 కుదుపులు. ఆ స్థాయిలో ఏ గ్లౌజైనా చేసేది అంతంతమాత్రమే. వణుకు మరీ ఎక్కువైతే ఇంజన్ బోల్టులు బిగించి, గ్రిప్పులు మెత్తటివి మార్చి చూడండి. చలిలో వేళ్లు కొంకర్లు పోవడం వేరు, వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోయి స్పర్శ తెలియకపోవడం వేరు. రెండోది మళ్లీ మళ్లీ వస్తుంటే గ్లౌజులు మార్చుకుంటూ కూర్చోకుండా డాక్టర్‌కి చూపించాలి.

సైజు కోసం బొటనవేలు వదిలేసి, కణుపుల కింద అరచేతి చుట్టూ టేపుతో కొలవండి. సుమారు 20 సెంటీమీటర్లు వస్తే 8, సుమారు 23 వస్తే 9. నాకు రెండింటి మధ్య వస్తుంది, పెద్దదే తీసుకుంటాను. బిగుతుగా ఉంటే దూది నలిగిపోతుంది, రక్తమూ సరిగ్గా ఆడదు, అంతకంటే ఉత్త చేతులే నయం అనిపిస్తుంది. గుప్పిట బిగించినప్పుడు వేలి చివర కొంచెం ఖాళీ మిగలాలి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుడ్డ లాగకూడదు.

వీలైతే బండి దగ్గరికి తీసుకెళ్లి చూడండి. క్లచ్ లివర్ లాగి, దాన్ని అలాగే నిలబెట్టే చిన్న పిన్ బొటనవేలితో నొక్కండి. ట్యాంకు కింద పెట్రోల్ ట్యాప్ తిప్పండి. చోక్ ఎత్తండి. ఇంజన్ ఆపే బటన్ చూడకుండా వెతికి నొక్కండి, అది దొరకకపోతే మాత్రం ఎంత మంచి గ్లౌజైనా వద్దు. ఆఖరున బ్రేకు, మిగతా వేళ్లు గ్రిప్ మీద ఉండగానే, రెండు వేళ్లతో. తర్వాత గ్లౌజు ఒక్కసారిగా లాగి తీయండి. లోపలి లైనింగ్ వేళ్లతోపాటు బయటికొచ్చిందంటే రేపు చెమట పట్టిన చేయి మళ్లీ అందులో దూరదు. నడిదారిలో ఆగి, పంటితో లైనింగ్ సర్దుకున్న అనుభవం నాకుంది.

మణికట్టు దాటి బెత్తెడు పైకి రావాలి, పట్టీ ఉండాలి. పట్టీ లేని గ్లౌజు మనం కింద పడ్డప్పుడు చేతినుంచి ఊడిపోవచ్చు. పొడి చలిలో గ్లౌజుని జాకెట్ చేతి మీదకి లాగుతాను, వానలో లోపలికి దోపుతాను, లేకపోతే చేతి మీదుగా జారిన నీళ్లన్నీ అందులోకే. లేబుల్ చదివే ఓపిక ఉంటే ఈఎన్ 511 (చలి గ్లౌజులకి యూరప్ ప్రమాణం) అన్న గుర్తు పక్కన మూడు అంకెలు ఉంటాయి: మొదటిది గాలి చలికి, రెండోది చల్లటి వస్తువు తగిలితే వచ్చే చలికి, మూడోది నీళ్లకి. మనకి ముఖ్యం మొదటిది, అది 4 దాకా ఉంటుంది. పడ్డప్పుడు కాపాడే బైకు గ్లౌజుల ప్రమాణం వేరే, అది ఈఎన్ 13594.

కరెంటు వేడి గ్లౌజులు కొనాలనుకుంటే సొంత బ్యాటరీ ఉన్నవే చూడండి. ఈ కిట్లలో కరెంటు పుట్టించే మాగ్నెటోకి స్పార్క్ ఇవ్వడమే సరిపోతుంది, వేడికి ఇచ్చేంత కరెంటు దాంట్లో ఉండదు.

ఇప్పుడు నా చేతికి ఉన్నవి మేక తోలువి, మరీ లావు కాదు. మరీ చలైతే లోపల పల్చటి ఉన్ని గ్లౌజు, హ్యాండిల్ మీద గాలి ఆపే తొడుగులు. తొడుగులు చూడ్డానికి బండికి బాక్సింగ్ గ్లౌజులు కట్టినట్టుంటాయి, అయినా వాటివల్లే లోపల పల్చటివి వేసుకోగలుగుతున్నాను. తడిస్తే మాత్రం ఆత్రపడి ఇంజన్ మీద ఆరేయకండి. తోలు చెక్కలా బిగుసుకుపోతుంది. న్యూస్ పేపర్ ఉండ చేసి వేళ్లలోకి దూర్చి, గంటకోసారి మార్చి, నీడలో వదిలేస్తే పొద్దుటికి దాదాపు ఆరిపోతాయి.