ఏజెంట్లతో అల్గారిథమ్‌ల పోలిక, 4వ పాఠం: టిక్కులు ఎందుకు తగ్గాయి?

పోయిన పాఠంలో నెట్‌లోగో అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో 64 టర్టిళ్లను (అందులో ఏజెంట్ల పేరు) వలయంగా కలిపి, చాంగ్-రాబర్ట్స్ (1979) పద్ధతిలో నాయకుణ్ని ఎన్నుకోమన్నాను. ప్రతి టర్టిల్ తన ఐడీని ఒకే దిశలో పంపుతుంది; తనకన్నా పెద్ద ఐడీ వస్తే ముందుకు పంపి, చిన్నదైతే ఆపేస్తుంది; తన ఐడీ తనకే తిరిగొస్తే అదే నాయకుడు. చాలామందికి నలభై టిక్కులకు (టిక్కంటే సిమ్యులేషన్‌లో ఒక కాలపు అడుగు) అటూ ఇటూగా ఎన్నిక ముగిసిపోయింది. మెసేజ్‌ల లెక్క సరిపోయింది కదా అని కోడ్‌ని నమ్మేశారు. నమ్మకండి. అన్నిటికన్నా పెద్ద ఐడీ చుట్టూ తిరిగి సొంతదారు దగ్గరికి రావాలంటే 64 అడుగులు, అడుగుకో టిక్కు. అంతకన్నా తక్కువ వస్తే ఆ ఫలితం చెల్లదు.

తప్పంతా టర్టిళ్లకు పని చెప్పే ఆస్క్ ఆదేశం దగ్గరుంది. ఆస్క్ టర్టిల్స్ అందరినీ ఒకేసారి నడపదు; ఒకరి తర్వాత ఒకరిని, ప్రతిసారీ కొత్త వరసలో పిలుస్తుంది. 12వ టర్టిల్ ఒక ఐడీని 13 ఇన్‌బాక్స్‌లో వేసిందనుకోండి. 13 వంతు ఇంకా రాకపోతే, వచ్చినప్పుడు అదే టిక్కులో దాన్ని చదివి 14కి పంపేస్తుంది. 14 వంతు కూడా మిగిలుంటే 15కి. 13 వంతు ముందే అయిపోయుంటే మాత్రం ఐడీ తర్వాతి టిక్కు దాకా ఆగుతుంది. మీరు కొలిచింది ఈ పిలుపుల వరసనే. మెసేజ్‌ల లెక్క ఎందుకు చెడలేదంటారా? ఏ ఐడీ ఎక్కడ ఆగాలో వలయం అమరికే తేలుస్తుంది, వంతులు ఎలా వచ్చినా ఆ చోటు మారదు.

మందు: టర్టిల్‌కి రెండు లిస్టులు పెట్టండి. మొదటి ఆస్క్‌లో ఇన్‌బాక్స్ చదివి, పక్క టర్టిల్ నెక్స్ట్-ఇన్‌బాక్స్‌లో రాయాలి. రెండో ఆస్క్‌లో దాన్ని ఇన్‌బాక్స్‌లోకి మార్చి ఖాళీ చెయ్యాలి. రెండు పనులూ ఒకే ఆస్క్‌లో పెడితే మళ్లీ మొదటికే వస్తుంది.

హూ నంబరునే (నెట్‌లోగో టర్టిళ్లకు వరసగా ఇచ్చే సంఖ్య) ఐడీగా వాడినవాళ్లకు ఎప్పుడూ 127 లేదా 2080 మెసేజ్‌లే వచ్చుంటాయి. అవి రెండు కొసలు: అతి తక్కువ, అతి ఎక్కువ. ఐడీలను షఫుల్ చేస్తే సగటు 304 దగ్గరికొస్తుంది (గెలుపు ప్రకటన కలపకుండా).

ఇక హిర్ష్‌బర్గ్-సింక్లెయిర్ (1980). ఇందులో ఐడీని రెండు వైపులా 1, 2, 4 ఇలా రెట్టింపయ్యే దూరాలకు పంపుతారు; దారిలో పెద్ద ఐడీ ఎదురైతే ఆగిపోతుంది, లేకపోతే కొస నుంచి జవాబు తిరిగొస్తుంది. ఎన్ మందికి మెసేజ్‌లు ఎన్ లాగ్ ఎన్ స్థాయిలోనే పెరుగుతాయని చదివి ఇదే గెలుస్తుందనుకోకండి. 64 మందిలో పెద్ద ఐడీ ఒక్కటే 1 నుంచి 32 దూరాల దాకా 252, ఆఖరి చుట్టుకి 128, మొత్తం 380 మెసేజ్‌లు ఖర్చు పెడుతుంది. కలగలిపిన ఐడీల మీద చాంగ్-రాబర్ట్సే నయం. 2080 వచ్చే ఎదురు వరసలో (మెసేజ్ వెళ్లే దిశలో ఐడీలు తగ్గుతూ పోయేది) మాత్రం హిర్ష్‌బర్గ్-సింక్లెయిర్ 568తో బయటపడుతుంది.

నేను రెండు సగటులు పక్కపక్కన పెట్టను. ఒకే ర్యాండమ్-సీడ్ (యాదృచ్ఛిక సంఖ్యలు మళ్లీ అవే రావడానికి ఇచ్చే సంఖ్య) ఇచ్చి, వెంటనే షఫుల్ చేసి, ఒకే వలయం మీద రెండింటినీ నడిపి, తేడాలకు సగటు తీస్తాను.

అభ్యాసం: ఎదురు వరసలో 8, 16, 32, 64, 128 మందితో రెండూ నడపండి. 16 దగ్గర రెండింటికీ సరిగ్గా 136 రావాలి. రాకపోతే బిహేవియర్‌స్పేస్ (నెట్‌లోగోలో ప్రయోగాలను పదేపదే నడిపే సాధనం) జోలికి వెళ్లకుండా జవాబు మెసేజ్‌లను కాగితం మీద లెక్కపెట్టండి. వస్తే, హిర్ష్‌బర్గ్-సింక్లెయిర్‌కి సూత్రం 9ఎన్ − 8 ఎలా వచ్చిందో రాసి చూపండి.