అమ్మకాలు పెరిగినా జీతాలకు డబ్బు లేదా? ముందు బాకీల వయసు చూడండి

లక్షణం: ఆర్డర్లు బాగా వస్తున్నాయి, లెక్కల్లో లాభం కనిపిస్తోంది, కానీ నెలాఖరుకు జీతాల కోసం అప్పు చేయాల్సి వస్తోంది. కంపెనీలకు సరుకు తయారుచేసి ఇచ్చే చిన్న స్టార్టప్‌లు నా దగ్గరికి ఎక్కువగా తెచ్చే సమస్య ఇదే.

వచ్చినవారిలో చాలామంది ముందుగా పెట్టుబడిదారు గురించే అడుగుతారు. దయచేసి ఆగండి. ఎవరు ఎంత బాకీ, బిల్లు ఇచ్చి ఎన్ని రోజులైంది అన్న జాబితా తీయండి. అరగంట పని. 45 రోజులు దాటినవి విడిగా రాయండి. ఈ జాబితా చూడకుండా తెచ్చిన పెట్టుబడి కూడా ఆ బాకీల్లోకే పోతుంది.

కారణం: ఎదుగుదలే డబ్బును మింగేస్తుంది. నెలకు 10 లక్షల సరుకు అమ్ముతున్నారనుకుందాం. ఖర్చు 8 లక్షలు, అది వెంటనే చెల్లించాలి. కొన్నవారు 90 రోజులకు ఇస్తారు. అంటే మొదటి రూపాయి చేతికందేలోపు మీవి 24 లక్షలు బయట ఉంటాయి. ఆర్డరు రెట్టింపైతే 48 లక్షలు. పైగా జీఎస్టీ బిల్లును బట్టి కట్టాలి, డబ్బు వచ్చినప్పుడు కాదు. నెలనెలా రిటర్ను వేసేవారికి మరుసటి నెల 20వ తేదీయే గడువు. చేతికి రాని డబ్బుపై పన్ను ముందే కట్టేస్తున్నామని చాలామంది గమనించరు. నా సొంత యూనిట్ మూతపడే స్థితికి వచ్చింది ఆర్డర్లు లేక కాదు, అన్నిటికంటే పెద్ద ఆర్డరు వచ్చాకే. లాభం చూసి ధైర్యంగా ఉన్నాను, ఖాతా చూడలేదు.

పరిష్కారం: సరుకు పంపక ముందే ఉద్యమ్ నమోదు (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్‌లో ఇచ్చే గుర్తింపు) పూర్తిచేయండి. 2006 ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు చెల్లించాలి, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంక్ రేటు’ అనే వడ్డీ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఆదాయపు పన్ను నిబంధన వల్ల గడువు దాటించిన కొనుగోలుదారుకు ఆ ఖర్చు మినహాయింపు చెల్లించేదాకా దొరకదు. బిల్లు మీద ఉద్యమ్ సంఖ్య, గడువు తేదీ అచ్చు వేయండి. అడగడానికి మొహమాటపడకండి, అది మీ డబ్బు.

పెద్ద కంపెనీలకు అమ్మితే ట్రెడ్స్ (చిన్న సంస్థల బిల్లులపై డబ్బు ఇప్పించే ఆన్‌లైన్ వ్యవస్థ) వేదికల్లో బిల్లును బ్యాంకులకు ఇచ్చి ముందే డబ్బు తెచ్చుకోవచ్చు, కొనుగోలుదారు ఆ బిల్లును ఒప్పుకోవాలి. కొత్త ఆర్డరుకు కనీసం ముడిసరుకు ఖర్చంత అడ్వాన్సు తీసుకోండి. ఇవ్వనంటే చిన్న విడతలుగా సరఫరా చేయండి, పాత విడత డబ్బు వచ్చాకే కొత్తది పంపండి.

నేరుగా జనానికి అమ్మేవారు కెన్యాలోని ఎమ్-కోపా అనే కంపెనీని గమనించండి. ఇంటికి సౌర విద్యుత్ ఇచ్చే కిట్టుకు కొంత ముందుగా తీసుకుని, మిగతాది రోజుకింత చొప్పున ఎమ్-పెసా అనే మొబైల్ చెల్లింపు సేవ ద్వారా వసూలు చేసింది. వాయిదా ఆగితే కిట్టు పనిచేయదు. రోజుకింత సంపాదించే కుటుంబానికి ఒకేసారి పెద్ద మొత్తం కంటే రోజువారీ వాయిదా తేలిక.

దొంగతనం, లెక్కల్లో మోసం, అవసరానికి మించిన సిబ్బంది: ఇవీ ఉంటాయి, అరుదుగా. బాకీలన్నీ సకాలంలో వస్తున్నా డబ్బు చాలకపోతేనే ఆడిటర్‌ను పిలవండి.