ఈశాన్య వానలకు ముందే: బ్యాటరీ మీద పనిముట్లు నడిపే చిన్న షాపులకు జాగ్రత్తలు

తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి ప్రాంతాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య వానలే అసలైన వానకాలం. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే చెట్లు కూలి, స్తంభాలు ఒరిగి, గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి కరెంటు ఉండదు. 2021 నవంబరులో తిరుపతి పల్లపు వీధులు మునిగినప్పుడూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడూ ఈ ప్రాంతం ఆ అవస్థను చూసింది. ఏర్పేడు మండలం మాధవమాలలో చెక్క బొమ్మలు చెక్కేవారైనా, పట్నంలో ద్విచక్ర వాహనాల మెకానిక్కులైనా, మోటారు బిగించిన కుట్టు మిషన్లతో బతికేవారైనా ఆర్డరు తేదీని వాన కోసం వాయిదా వేయలేరు కాబట్టి, ఇన్వర్టరు, బ్యాటరీల మీద పని సాగించాలని చూడటం సహజం. అయితే బ్యాటరీ మీద ఏ పనిముట్టు నడపాలన్నదానికన్నా, ఏది నడపకూడదన్నది ముందే తేల్చుకోవడం ముఖ్యమని నా అభిప్రాయం. ఆ నిర్ణయం ఎండగా ఉన్న రోజున, తాపీగా కూర్చుని తీసుకోవాలి.

మొదట లెక్క చూద్దాం. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సగానికి మించి వాడకూడదు. మిగిలిన 900లో ఇన్వర్టరు తినేది పోగా చేతికి వచ్చేది సుమారు 750. పైగా ఆ 150 అన్న అంకె సాధారణంగా 20 గంటల పాటు నెమ్మదిగా, అంటే 7.5 ఆంపియర్ల చొప్పున తీసుకుంటే వచ్చేది. 800 వాట్ల నాలుగంగుళాల గ్రైండరు పూర్తి బరువు మీద నడిచేటప్పుడు బ్యాటరీ నుంచి దాదాపు 80 ఆంపియర్లు లాగుతుంది. అంత వేగంగా లాగితే బ్యాటరీ తన పూర్తి సామర్థ్యాన్ని ఇవ్వదు కాబట్టి, కాగితపు లెక్కలో గంటసేపు రావలసిన పని చాలా ముందే ఆగిపోతుంది. అదే 300 వాట్ల చిన్న డ్రిల్లో, మోటారు కుట్టు మిషనో అయితే, మధ్యలో ఆపుతూ నడుపుతారు గనుక, పూట గడుస్తుంది.

మోటారు మొదలయ్యే క్షణం వేరే సమస్య. ఒక హార్స్ పవర్ కంప్రెసరు లాంటి ఇండక్షన్ మోటారు, తిరగడం మొదలుపెట్టేటప్పుడు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఇంట్లో ఫ్యాన్లకూ లైట్లకూ పెట్టుకున్న 900 వీఏ ఇన్వర్టరు దానిని మోయలేక ట్రిప్ అవుతుంది. కరెంటు అలను నున్నగా కాక మెట్టు మెట్టుగా ఇచ్చే స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు అయితే మోటారు గుర్రుమని మోగుతూ వేడెక్కుతుంది. అందువల్ల మోటార్లకు, లైను కరెంటు లాగే నున్నని అలను ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరే వాడాలి. కంప్రెసరు, వెల్డింగ్ మిషను, హీట్ గన్, పెద్ద కట్టింగ్ మిషను ఈ నాలుగింటినీ ఇంటి బ్యాటరీ జాబితా నుంచి తీసివేయాలి. అవి తప్పనిసరి అయితే జనరేటరు అద్దెకు తెచ్చుకోవాలి. దానిని కూడా షట్టరు లోపల కాక, పొగ లోనికి రాని విధంగా ఆరుబయట పెట్టాలి, ఎందుకంటే అందులోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు.

బ్యాటరీ ఎక్కడ ఉండాలన్నది వర్క్‌షాపులో అన్నింటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యే విషయం. ఛార్జి అయ్యేటప్పుడు, ముఖ్యంగా నిండిన తరువాత కూడా ఛార్జి అవుతున్నప్పుడు, లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో అది 4 శాతం చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకు కూడా పేలుతుంది. వానజల్లు పడుతున్నదని కిటికీలు, షట్టరు మూసివేసి, బ్యాటరీ పక్కనే గ్రైండరు ఆడించి రవ్వలు ఎగజిమ్మే దృశ్యం మన షాపుల్లో సర్వసాధారణం. బ్యాటరీ ఉన్న మూలకు పైభాగంలో గాలి బయటికి పోయే సందు ఉండాలి, ఎందుకంటే హైడ్రోజన్ తేలికైనది, పైకి వెళ్తుంది. రవ్వలు వచ్చే పని ఆ మూలకు దూరంగా, వేరే గోడ పక్కన జరగాలి. సిమెంటు నేల మీద పెడితే బ్యాటరీ ఛార్జి దిగిపోతుందన్న పాత నమ్మకానికి ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెల బ్యాటరీల విషయంలో ఆధారం లేదు గానీ, చెక్క బల్ల మీద ఎత్తుగా పెట్టమన్న సలహా మాత్రం మంచిదే. అందుకు కారణం వరద నీరు. గతంలో మీ వీధిలో నీళ్లు ఎంత ఎత్తు నిలిచాయో గోడ మీది చారను చూసి, బల్ల ఎత్తు దానికి పైనే ఉండేలా చేయించండి.

తీగల విషయం ఇంకా లోతుగా చూడాలి. 230 వోల్టుల దగ్గర నాలుగు ఆంపియర్లయ్యే పని, 12 వోల్టుల దగ్గర 80 ఆంపియర్లవుతుంది. అందుకే బ్యాటరీకీ ఇన్వర్టరుకూ మధ్య తీగ పొట్టిగా, లావుగా ఉండాలి. అంత కరెంటుకు 25 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అవసరం. వదులైన టెర్మినల్ దగ్గర ఓమ్‌లో నూరో వంతు నిరోధం ఉన్నా, 80 ఆంపియర్లు పారేటప్పుడు అక్కడ 64 వాట్ల వేడి పుడుతుంది. అంటే టంకం వేసే వేడి కడ్డీని టెర్మినల్‌కు ఆనించి వదిలేసినట్టే. కాబట్టి వానలు మొదలు కాకముందే టెర్మినళ్ల మీది తెల్లని పొడిని వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆ నీరు సెల్ లోపలికి పోకుండా చూసుకుంటూ, ఆరబెట్టి, బిగించి, పెట్రోలియం జెల్లీ పూయాలి. గంట పని చేసిన తరువాత ఇన్వర్టరు ఆపి, టెర్మినల్ వేడెక్కిందేమో చూడాలి. పాజిటివ్ తీగ మీద, బ్యాటరీకి అతి దగ్గరగా, సరైన ఫ్యూజు ఉండి తీరాలి. రెండు టెర్మినళ్ల మధ్య స్పానరు పడితే క్షణంలో వేయి ఆంపియర్ల దాకా పారి, స్పానరు ఎర్రగా కాలుతుంది. ఆ ప్రమాదానికి ఫ్యూజు కూడా అడ్డుపడదు. అందుచేత పాజిటివ్ టెర్మినల్‌కు రబ్బరు మూత, పనిముట్టు పిడికి టేపు, చేతికి ఉంగరం గానీ ఇనుప కడియం గానీ లేకపోవడం అవసరం.

ఇన్వర్టరు అవుట్‌పుట్‌ను రెండు వైపులా పిన్నులున్న తీగతో గోడ సాకెట్‌లోకి ఎక్కించడం మరణకారణమని స్పష్టంగా చెప్పాలి. ఆ కరెంటు మీటరు దాటి స్తంభం వరకు వెనక్కి వెళ్తుంది, ట్రాన్స్‌ఫార్మరు గుండా ఎదురు పారి పై లైనులో ఎక్కువ వోల్టేజి అవుతుంది, వానలో తడుస్తూ మన కోసమే లైను బాగుచేస్తున్న లైన్‌మన్ చేతికి అది తగులుతుంది. లైను కరెంటు, ఇన్వర్టరు కరెంటు ఎప్పుడూ కలవకుండా చూసే చేంజ్ ఓవర్ స్విచ్ పెట్టించడానికి అయ్యే ఖర్చు ఇక్కడ లెక్కలోకి రాకూడదు. అదే సమయంలో ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగ్‌ను, ఇన్వర్టరు మీద నడిచేటప్పుడు కూడా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపే స్విచ్) పడుతున్నదా లేదా అన్నదాన్నీ పరీక్ష చేయించాలి. కొన్ని అమరికల్లో అది మెయిన్ కరెంటు మీద మాత్రమే పని చేస్తుంది.

కొన్ని ఇన్వర్టర్లు ఓవర్‌లోడుకు ఆగి, కొన్ని సెకన్లలో తామే మళ్లీ మొదలవుతాయి. మిషను ఆగిందని బిట్టు మీద చేయి వేయబోయేవారికి ఇది పెద్ద ప్రమాదం. ఏ కారణంతో ఆగినా ముందు మిషను స్విచ్ ఆపి, పిన్ను ఊడదీసి, ఆ తరువాతే చేయి పెట్టాలి. గ్రైండరు స్విచ్‌కు లాక్ ఉంటే బ్యాటరీ పని రోజుల్లో దానిని వాడకపోవడమే మేలు. చీకట్లో పని చేయకుండా, విడిగా ఛార్జి అయ్యే ఎమర్జెన్సీ లైటు ఒకటి పైన వేలాడదీయాలి.

లిథియం బ్యాటరీతో నడిచే చేతి డ్రిల్లులు ఈ కాలానికి నిజంగా పనికొస్తాయి. 18 వోల్టుల, 4 ఆంపియర్-అవర్ ప్యాక్‌లో ఉండేది 72 వాట్-అవర్లే కాబట్టి స్క్రూలు, రంధ్రాల పనికి మాత్రమే వాటిని ఉంచుకోవాలి. ఉబ్బిన ప్యాక్‌ను, కింద పడి పగిలిన ప్యాక్‌ను, నీటిలో మునిగిన ప్యాక్‌ను ఛార్జింగుకు పెట్టకూడదు. రంపపు పొట్టు, వార్నిష్, థిన్నర్ ఉండే చెక్క పని షాపులో ఛార్జరుకు బండరాయి మీదో, సిమెంటు అరుగు మీదో చోటు కేటాయించాలి, రాత్రంతా వదిలేయకూడదు. లెడ్ యాసిడ్ ఇన్వర్టరుకు లిథియం బ్యాటరీ తగిలించాలనుకుంటే, ఛార్జింగు సెట్టింగు మార్చే వీలుందో లేదో తెలుసుకోనిదే ఆ పని చేయకూడదు.

యాసిడ్ గురించి క్లుప్తంగా: డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, కళ్లజోడు, రబ్బరు చేతొడుగులు వేసుకోవాలి, కంట్లో చుక్క పడితే కనీసం పదిహేను నిమిషాలు ధారగా మంచినీటితో కడుగుతూనే ఆసుపత్రికి బయలుదేరే ఏర్పాటు చేయాలి.

కరెంటు తిరిగి వచ్చిన రోజును కూడా ముందే లెక్క వేసుకోండి. సగం ఖాళీ అయిన 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ, 10 ఆంపియర్లతో ఛార్జి చేసే ఇన్వర్టరు మీద నిండడానికి ఎనిమిది గంటలకు పైగానే పడుతుంది. తుఫాను వారంలో అంతసేపు కరెంటు నిలకడగా ఉంటుందన్న నమ్మకం లేదు. బ్యాటరీ పూర్తిగా నిండకముందే మళ్లీ కరెంటు పోతే, ఆ రోజు లైట్లు, చిన్న డ్రిల్లు తప్ప వేరే మిషను తగిలించకూడదు. సగం ఛార్జితో రోజుల తరబడి ఉంచిన లెడ్ యాసిడ్ పలకల మీద సల్ఫేటు గట్టిపడి, తరువాత ఎంత ఛార్జి చేసినా పాత సామర్థ్యం రాదు. షాపులోకి నీళ్లు వచ్చి ఇన్వర్టరు తడిసి ఉంటే, పైకి ఆరినట్టు కనిపించినా, మెకానిక్ విప్పి చూసేదాకా దాని స్విచ్ వేయకండి.