డేకేర్ చూడటానికి వెళ్తే ముందు ఆయమ్మను చూడండి

మొదటి ఇద్దరు పిల్లల వరకు చట్టం ప్రకారం లభించే వేతనంతో కూడిన ప్రసూతి సెలవు 26 వారాలు. అందులో కొంత భాగాన్ని కాన్పుకు ముందే వాడుకుంటే, తల్లి తిరిగి ఉద్యోగానికి వెళ్లే నాటికి బిడ్డకు ఆరు నెలలు కూడా నిండి ఉండవు. ఊరి నుంచి అమ్మమ్మో నానమ్మో వచ్చి కొన్నాళ్లు చూసుకున్నా, వారికీ వారి ఇల్లు, పొలం, మోకాళ్ల నొప్పులు ఉంటాయి కాబట్టి, హైదరాబాదు వంటి నగరంలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో డేకేర్ ఆలోచన ఏదో ఒక రోజు వస్తుంది. సెలవు ముగియడానికి కనీసం రెండు నెలల ముందే వెతకడం మొదలుపెట్టండి. ఏడాది లోపు పిల్లలను అన్ని కేంద్రాలూ తీసుకోవు. తీసుకునే మంచి చోట ఖాళీ దొరకడానికి వేచి ఉండవలసి వస్తుంది.

మా పాపకు పది నెలలప్పుడు మేము మొదట ఎంచుకున్న కేంద్రం చూడటానికి ఎంతో బాగుండేది. గోడల నిండా ఏనుగులు, చిలుకలు. నేల మీద మెత్తటి రబ్బరు చాపలు. ప్రతి గదిలో ఏసీ. మూడు నెలల్లో అక్కడ నలుగురు ఆయమ్మలు మారారు. కొత్త ముఖం కనిపించిన ప్రతిసారీ పాప మొదటి రోజు లాగానే నా మెడను రెండు చేతులతో చుట్టేసి గేటు దగ్గరే ఆగిపోయేది. నాలుగో ఆయమ్మకు పాప పేరు తెలియక "బేబీ" అని పిలిచేది. ఆమె తప్పేమీ లేదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ వయసు బిడ్డకు తనను రోజూ ఎత్తుకునే మనిషే డేకేర్ అని మాకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాతి సంవత్సరాలలో స్నేహితులతో కలిసి మరికొన్ని కేంద్రాలు చూసినప్పుడు కూడా ఇదే కొలతగా పెట్టుకున్నాను.

బయట వెతికే ముందు మీ సంస్థలో ఉన్న హక్కును అడిగి తెలుసుకోండి. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ (ఉద్యోగుల పిల్లలను చూసుకునే చోటు) సదుపాయం కల్పించాలని 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం చెప్పింది. తల్లి పని వేళల్లో రోజుకు నాలుగు సార్లు అక్కడికి వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ నిబంధన ఉంది. చాలా సంస్థలు సొంతంగా క్రెష్ నడపకుండా దగ్గరలోని డేకేర్‌తో ఒప్పందం చేసుకుంటాయి. ఆ సంగతి హెచ్.ఆర్. వారిని మాటల్లో కాక మెయిల్‌లో అడిగితే సమాధానం స్పష్టంగా వస్తుంది. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలు తమ అంగన్‌వాడీలో పాల్నా పథకం కింద క్రెష్ ఉందేమో అడగాలి. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల కోసం అంగన్‌వాడీలకే క్రెష్‌ను జతచేసే ఏర్పాటు అది.

ఇంటి దగ్గరా, ఆఫీసు దగ్గరా అన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదు. తల్లిపాలు తాగే బిడ్డకు తల్లి ఆఫీసు పక్కనే ఉన్న కేంద్రం మేలని నా అభిప్రాయం. ఏడాది దాటాక మాత్రం ఇంటికి దగ్గరగా ఉండటమే సుఖం, ఎందుకంటే ఒకరికి సెలవైన రోజున కూడా బిడ్డను దింపవచ్చు, పక్కింటి వారైనా అవసరానికి వెళ్లి తీసుకురాగలరు. జూలైలో వాన పడిన సాయంత్రం మాదాపూర్ నుంచి మియాపూర్ చేరడానికి ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకుని, కేంద్రం మూసే సమయంతో పోల్చి చూడండి. ఆలస్యమైతే ఎవరు వెళ్తారో రెండు పేర్లు, ఫొటోలతో సహా కేంద్రానికి ముందే రాసి ఇవ్వాలి. ఆ జాబితాలో లేని మనిషికి, ఎంత దగ్గరి బంధువునని చెప్పినా, బిడ్డను ఇవ్వకుండా ఉండే కేంద్రమే మంచిది. పరీక్షించాలనుకుంటే మీ తమ్ముడిని ఒకసారి పంపి చూడండి.

ఇక కేంద్రాన్ని చూడటం. మొదటిసారి వారు చెప్పిన సమయానికే వెళ్లండి. అప్పుడు కనిపించేదంతా సర్ది పెట్టినదే అయినా, గదులూ దారులూ తెలుస్తాయి. రెండోసారి చెప్పకుండా, పదకొండున్నరకూ ఒంటిగంటకూ మధ్య వెళ్లండి. పిల్లలకు ఆకలి, నిద్ర, ఏడుపు అన్నీ ఒకేసారి ముంచుకొచ్చే వేళ అది. తల్లిదండ్రులు ఆ సమయంలో లోపలికి రాకూడదని గట్టిగా చెప్పే చోటుకు నేనైతే మళ్లీ వెళ్లను.

ఆ గంటలో ఒక మూలన కూర్చుని ఒకే ఒక్క ఆయమ్మ చేతులను చూడండి. నేను చూసిన ఒక కేంద్రంలో ఆయమ్మ నలుగురు పిల్లలను ఎదురుగా వరుసగా కూర్చోబెట్టుకుని పప్పన్నం పెడుతోంది. నాలుగు గిన్నెలు, నాలుగు చెంచాలు, ప్రతి గిన్నె మీద పేరు రాసిన అంటు కాగితం. ఒక బాబు ముద్దను బుగ్గన పెట్టుకుని ఎటో చూస్తున్నాడు. ఆమె రెండో ముద్దను ఎత్తి పట్టుకుని, వాడు మింగేవరకు ఆగి, "అయిపోయిందా నాన్నా, చూపించు" అన్నది. వాడు నోరు తెరిచి చూపించాకే రెండో ముద్ద పెట్టింది. మరో చోట ఒకే పళ్లెం, ఒకే చెంచా ఆరుగురి నోళ్ల మధ్య తిరుగుతోంది; ముక్కు కారుతున్న పాప కూడా ఆ ఆరుగురిలో ఉంది. రెండు కేంద్రాల ఫీజు దాదాపు ఒకటే.

డైపర్ మార్చిన తర్వాత ఆమె సబ్బుతో చేతులు కడుక్కుంటుందా, తడి గుడ్డతో తుడుచుకుని వెంటనే అన్నం గిన్నె అందుకుంటుందా అన్నది కూడా ఆ గంటలోనే తేలిపోతుంది. తర్వాత నిద్ర గదిలోకి వెళ్లండి. ఏడాది లోపు పిల్లలను వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండూ మెత్తటి బొమ్మలూ లేకుండా పడుకోబెట్టాలి. ఇంట్లో మన కళ్లెదుట చీర ఊయలలో పడుకోబెట్టడం మనకు అలవాటే అయినా, ఒకరే పదిమందిని చూసుకునే గదిలో దాన్ని ఒప్పుకోకండి. పిల్లలు నిద్రపోతున్నప్పుడు ఆ గదిలో ఒక మనిషి మెలకువగా కూర్చుని ఉండాలి.

ఎంతమంది పిల్లలకు ఎంతమంది మనుషులు? మూడేళ్ల లోపు పిల్లల్లో ప్రతి పదిమందికి ఒక కార్యకర్త, ఆమెకు తోడు ఒక సహాయకురాలు ఉండాలని కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2018లో వెలువరించిన క్రెష్ మార్గదర్శకాలు సూచించాయి. అది కనీస పరిమితి మాత్రమే. నిప్పు అంటుకుంటే ఒక మనిషి నడక రాని పిల్లలను ఇద్దరిని మించి ఎత్తుకుని బయటికి పరుగెత్తలేదు కదా; అందుకే పాకే పిల్లల గదిలో ముగ్గురు నలుగురికి ఒకరు ఉంటేనే నాకు ధైర్యంగా ఉంటుంది. ఈ లెక్కను యజమాని చెప్పిన సంఖ్యతో సరిపెట్టుకోకుండా, సాయంత్రం ఐదున్నరకు మూడోసారి వెళ్లి మీరే తలలు లెక్కపెట్టండి. సాయంత్రానికి సగం మంది సిబ్బంది ఇంటికి వెళ్లిపోయి, పిల్లలు మాత్రం అందరూ మిగిలే కేంద్రాలు ఉన్నాయి.

యజమానితో మాట్లాడటం అయ్యాక ఆయమ్మతో విడిగా, మర్యాదగా మాట్లాడండి. "ఎన్నాళ్లుగా చేస్తున్నారమ్మా? మీ పిల్లలు ఎక్కడ ఉంటారు? మీరు సెలవు పెడితే ఎవరు చూస్తారు?" అని అడిగితే చాలు. రెండేళ్లుగా ఉన్న మనిషి పిల్లల గురించి తనంత తానే చెప్పడం మొదలుపెడుతుంది: ఈ బాబు బొంత పట్టుకుంటేనే పడుకుంటాడు, ఆ పాపకు పెరుగు పడదు అని. ఆయమ్మకు జీతం, వారానికి ఒక సెలవు సరిగ్గా ఇస్తున్నారా అన్నది మీ బిడ్డకు సంబంధించిన ప్రశ్నే, మొహమాటపడకుండా యజమానిని అడగండి. సిబ్బంది అందరికీ పోలీసు వెరిఫికేషన్ జరిగిందా అన్నది కూడా ఆ వరసలోనే అడగాలి. ఇంకొక మాట: ఆయమ్మ ఇంగ్లీషు మాట్లాడదని వెనకాడకండి. తనకు వచ్చిన తెలుగులోనో హిందీలోనో రోజంతా కబుర్లు చెప్పే మనిషి దగ్గర పిల్లలకు మాటలు బాగా వస్తాయి. రాని భాషలో మాట్లాడమని నిర్బంధిస్తే ఆమె మౌనంగా ఉండిపోతుంది, ఆ మౌనం బిడ్డకు నష్టం.

భవనం విషయంలో చూడవలసినవి తక్కువే కానీ వాటిలో రాజీ వద్దు. పసిపిల్లల గది నేల అంతస్తులో ఉండాలి, వంటగదికి పిల్లలు తెరవలేని అడ్డు ఉండాలి, మెట్లకు గ్రిల్లు ఉండాలి. స్నానాల గదిలో నీళ్లున్న బకెట్ కనిపిస్తే అక్కడికక్కడే చెప్పండి. పాకే బిడ్డ అందులోకి వంగి తలకిందులైతే తిరిగి లేవలేదు, అడుగున ఉన్న కొద్ది నీళ్లు కూడా ప్రాణం తీస్తాయి.

పాలు, తిండి గురించి మీ సూచనలు కాగితం మీద ఇవ్వండి. తల్లి పిండి పంపే పాల సీసా మీద బిడ్డ పేరు, తేదీ, సమయం రాయాలి. అది నేరుగా ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. వేడి నీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చగా చేయాలే తప్ప మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. పల్లీలు, గుండు ద్రాక్ష, వేయించిన సెనగలు చిన్నపిల్లల గొంతులో ఇరుక్కునే తిళ్లు కాబట్టి అవి మెనూలో ఉంటే ప్రశ్నించండి. ఏదైనా ఇరుక్కుంటే ఏం చేస్తారని ఆయమ్మనే అడగండి. ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మీద ఐదు దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము మీద ఐదు నొక్కులు అని ఆమె చేసి చూపించగలిగితే, ఆ కేంద్రం శిక్షణ మీద డబ్బు ఖర్చు పెట్టిందని అర్థం.

మందుల విషయం మరింత జాగ్రత్తగా తేల్చుకోవాలి. జ్వరానికి వాడే పారాసిటమాల్ చుక్కల మందులో సాధారణంగా ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటాయి. సిరప్‌లో అయితే ఐదు మిల్లీలీటర్లకు 120, 125 లేదా 250 ఉంటాయి. సిరప్ అనుకుని చుక్కల మందును ఐదు మిల్లీలీటర్లు పోస్తే బిడ్డ కడుపులోకి ఒకేసారి 500 మిల్లీగ్రాములు వెళ్తాయి. కాబట్టి మీరు పంపిన సీసా తప్ప మరొకటి వాడకూడదని, డాక్టరు చీటీ నకలు లేకుండా ఏ మందూ వేయకూడదని, వేసిన ప్రతిసారీ సమయం రాసి మీకు ఫోన్ చేయాలని ముందే ఒప్పించుకోండి. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో సూచించింది. వాటిలో కొన్ని మగతను తెస్తాయి. ఇంటికి వచ్చాక బిడ్డ రోజూ అసాధారణంగా మత్తుగా ఉంటే డాక్టరుకు చూపించడం ఆలస్యం చేయకండి. జ్వరంతో, విరేచనాలతో ఉన్న బిడ్డను మరుసటి రోజే తీసుకోని కేంద్రం మీద కోపం రావడం సహజమే, కానీ ఆ నియమమే మిగతా రోజుల్లో మీ బిడ్డను కాపాడుతుంది.

టీవీ ముందు కూర్చోబెట్టి అన్నం పెట్టడం చాలా చోట్ల అలవాటుగా మారింది. రెండేళ్లు నిండే వరకు తెర అసలే వద్దని అడ్మిషన్ ఫారం మీదనే రాయండి. సీసీటీవీ ఉండటం మంచిదే, అయితే దాని దృశ్యాలు ఎవరెవరి ఫోన్లలోకి వెళ్తున్నాయో, డైపర్ మార్చే చోటు అందులో పడుతోందో అడగాలి. డిపాజిట్, ఆలస్య రుసుము, మానేసేటప్పుడు ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి రసీదుతో సహా రాతలో ఉండాలి.

చేర్చిన మొదటి వారం ఆఫీసుకు సెలవు పెట్టండి. మొదటి రోజు గంటసేపు మీరూ అక్కడే కూర్చోండి. రెండో రోజు పావుగంట బయటికి వెళ్లి రండి. అలా పెంచుకుంటూ పోండి. బిడ్డ ఆటలో ఉండగా చెప్పకుండా జారుకోవద్దు. "అమ్మ ఆఫీసుకు వెళ్లి సాయంత్రం వస్తుంది" అని కళ్లలోకి చూసి చెప్పి వెళ్తే ఆ క్షణాన ఏడుస్తుంది కానీ, మీరు ఎప్పుడు మాయమవుతారోనన్న బెంగ పట్టుకోదు. ఎనిమిది తొమ్మిది నెలల నుంచి ఏడాదిన్నర వరకు ఈ ఏడుపు ఎక్కువగా ఉండటం ఎదుగుదలలో భాగమే. రెండు మూడు వారాలు గడిచినా ఒక మనిషిని చూడగానే బిడ్డ బిగుసుకుపోయినా, ఒంటి మీద ఎవరూ కారణం చెప్పలేని కమిలిన మచ్చలు కనిపించినా, సర్దిచెప్పుకోకుండా బిడ్డను ఆ రోజే మాన్పించి, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

రోజూ సాయంత్రం తీసుకువెళ్లేటప్పుడు, ఎంత తొందర ఉన్నా, గేటు దగ్గర ఆయమ్మతో రెండు నిమిషాలు నిలబడి ఏం తిన్నది, ఎంతసేపు పడుకున్నది, ఎన్నిసార్లు విరేచనమైంది అని అడగండి. బిడ్డ చంకలో ఉండగానే ఆమె వైపు చేయి చాపి టాటా చెప్పే రోజు వస్తే, మీరు ఎంచుకున్న చోటు సరైనదని మీ బిడ్డే చెప్పినట్టు.