చేతి కంప్యూటర్ మనమే కట్టుకుందాం – 6వ పాఠం: పెద్ద తెరకు దారి

ఐదో పాఠానికల్లా మన చేతి కంప్యూటర్ సొంత బ్యాటరీ మీద లేచి నిలబడింది. రాస్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ బోర్డు, 320×240 పిక్సెళ్ల ఎస్‌పీఐ తెర (కొద్ది తీగలతో బోర్డుకు నేరుగా తగిలే చిన్న తెర), చిన్న కీబోర్డు, లిథియం బ్యాటరీ, దాని 3.7 వోల్టులను 5కు పెంచే బూస్ట్ బోర్డు. ఇంగ్లీషులో పని చేసినంతసేపు ఆ తెర సరిపోతుందనిపిస్తుంది. ఒక్కసారి తెలుగు ఫైలు తెరవండి. ‘రాష్ట్రం’లో ష కింద ట వత్తు, దానికి తగిలిన ర వత్తు విడివిడిగా కనబడాలంటే ఒక్కో వరుసకు సుమారు 24 పిక్సెళ్ల ఎత్తు కావాలి. 240లో 24 చొప్పున పది వరుసలే పడతాయి. పది వరుసల్లో కబురు చదువుకోవచ్చు గానీ, కూర్చుని వ్యాసం రాయడం, ప్రోగ్రాం రాయడం కుదరదు.

మన వైపు చాలా ఇళ్లలో కంప్యూటర్ ఉండదు, టీవీ మాత్రం ఉంటుంది. కర్నూలులో గది తీసుకుని చదువుకునే పిల్లలకు కూడా ఇంటి ఓనరు పాత టీవీయో, ఎవరో వదిలేసి పోయిన మానిటరో దొరుకుతుంది. చేతి కంప్యూటర్‌కు బయటి తెర దారి ఒకటి పెట్టుకుంటే జేబులోది ఇంటికి రాగానే బల్ల మీది కంప్యూటర్ అవుతుంది. ఈ వరుసలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇదే. ఇక్కడ ఖర్చు తక్కువ, దక్కేది ఎక్కువ.

ముందు బోర్డు అంచు చూడండి

జీరో 2 డబ్ల్యూ పొడుగాటి అంచున మూడు సాకెట్లు ఉంటాయి. రెండు మైక్రో యూఎస్‌బీ: ఒకటి డేటాకు, ఒకటి కరెంటుకు. మూడోది మినీ హెచ్‌డీఎంఐ, టీవీకి బొమ్మ పంపేది. అంగడిలో ‘మినీ’ అని గట్టిగా చెప్పి అడగండి. పై 4, పై 5 బోర్డులకు ఉండేది మైక్రో హెచ్‌డీఎంఐ కాబట్టి ‘రాస్‌బెర్రీ పై కేబుల్’ అంటే చాలామంది మైక్రో ఇచ్చి పంపుతారు. అనుమానముంటే స్కేలు పెట్టండి: మినీ ప్లగ్గు వెడల్పు సుమారు 10.4 మిల్లీమీటర్లు, మైక్రోది 5.8, టీవీకి గుచ్చే మామూలుదానిది 13.9.

ఇంట్లో ఉన్న పాత కేబుల్ కోసి, తీగలు సోల్డర్ చేసుకుంటే పోదా అని డోన్ నుంచి ఒక విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్న. రెండు కారణాల వల్ల వద్దంటాను. మొదటిది, మామూలు ప్లగ్గులోనూ మినీ ప్లగ్గులోనూ పిన్నులు 19 చొప్పునే ఉన్నా వాటి వరుస ఒకటి కాదు. మినీలో ప్రతి సిగ్నల్ జతలోనూ పాజిటివ్ తీగ, దాని షీల్డు (రొద తగలకుండా చుట్టూ ఉండే తొడుగు) స్థానాలు మార్చుకుంటాయి. టీవీ వివరాలు చదివే తీగల (డీడీసీ) గ్రౌండు 17 నుంచి 13కు వస్తుంది. నంబరుకు నంబరు కలుపుకుంటూ పోతే బొమ్మ రానేరాదు.

రెండోది వేగం. 1920×1080 బొమ్మ సెకనుకు 60 సార్లు పోవాలంటే, అంచుల్లో కనబడని ఖాళీని కూడా కలిపి 2200×1125 పిక్సెళ్లు 60 సార్లు పంపాలి. అంటే సెకనుకు 14.85 కోట్ల పిక్సెళ్లు. ఒక్కో రంగుకు 10 బిట్లు చొప్పున ఒక్కో తీగ జత మీద సెకనుకు 148.5 కోట్ల బిట్లు పరుగెత్తుతాయి. ఆ జత పొడవునా ఇంపీడెన్స్, అంటే వేగంగా మారే సిగ్నల్‌కు తీగలు చూపే అడ్డు, 100 ఓముల దగ్గర నిలకడగా ఉండాలి. చేత్తో అతికించిన జంపర్ వైర్ల దగ్గర అది చెదిరిపోతుంది. మన ఎస్‌పీఐ తెరకు వైర్లు ఎలా పడితే అలా లాగినా నడిచిందంటే దాని వేగం దీనికి దరిదాపుల్లో కూడా లేదు కాబట్టి. అందుకని తయారైన పొట్టి కేబుల్ ముక్కే కొనండి: ఒక చివర మినీ హెచ్‌డీఎంఐ ప్లగ్గు, రెండో చివర స్క్రూలతో పెట్టె గోడకు బిగించే మామూలు సైజు సాకెట్. చిన్న కెమెరాలకు వాడే చదునైన రిబ్బన్ రకం అయితే పెట్టెలో తక్కువ చోటు తింటుంది. పొడవు పది సెంటీమీటర్లు చాలు.

బొమ్మకు ముందు నడిచే మాట

తెర నల్లగా ఉంటే కేబుల్ మార్చడం, అదీ కాకపోతే టీవీ మార్చడం, చివరికి బోర్డు పోయిందనుకోవడం – ఎక్కువమంది చేసేది ఇదే. అలా వెతుక్కోనక్కర్లేదు. బొమ్మ రాకముందే కంప్యూటర్‌కూ టీవీకీ మధ్య ఒక మాట నడుస్తుంది. ఆ మాట ఎక్కడ ఆగిందో కనుక్కుంటే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది.

మొదట మన కంప్యూటర్ 18వ పిన్ను మీద 5 వోల్టులు పంపుతుంది. టీవీలో ఆ 5 వోల్టులు ఒక రెసిస్టర్ గుండా తిరిగి 19వ పిన్నుకు వస్తాయి. ‘నేను ఉన్నాను’ అని టీవీ పలకడమది. దాన్ని హాట్ ప్లగ్ డిటెక్ట్ అంటారు. ఆ పలుకు వినగానే కంప్యూటర్ 15, 16 పిన్నుల మీద టీవీ లోపలి చిన్న మెమరీ చిప్పును చదువుతుంది. అంగట్లో సరుకుల చీటీ అందించినట్టు టీవీ తన చీటీ అందిస్తుంది: నా పేరు ఇది, ఈ ఈ సైజుల బొమ్మలు తీసుకుంటాను, వీటిలో నాకు నచ్చింది ఇది. ఈ చీటీ పేరు ఈడిడ్. ఒక్కో ముక్క 128 బైట్లు. టీవీలు సాధారణంగా ఇంకో 128 కలిపి 256 ఇస్తాయి. చాలా టీవీల్లో ఆ మెమరీ చిప్పు బతికేది మనం పంపిన 5 వోల్టుల మీదే కాబట్టి టీవీ ఆపి ఉన్నా చీటీ అందవచ్చు. ఇవన్నీ అయ్యాకే బొమ్మ బయల్దేరుతుంది.

లినక్సులో ఈ మాటంతా మనం చూడొచ్చు. సిస్ ఫోల్డర్‌లో క్లాస్, దాని లోపల డీఆర్ఎం అని ఒక ఫోల్డర్ ఉంటుంది. అక్కడ పేరులో హెచ్‌డీఎంఐ అని ఉన్నదాన్ని తెరవండి. లోపల మూడు ఫైళ్లు మనకు కావాలి. ‘స్టేటస్’ను క్యాట్ కమాండుతో చదివితే కనెక్టెడ్ అనో డిస్‌కనెక్టెడ్ అనో చెబుతుంది. 19వ పిన్ను పలికిందా లేదా అన్నది ఇక్కడే తెలుస్తుంది. ‘ఈడిడ్’ అనే ఫైలుకు డబ్ల్యూసీ హైఫన్ సీ కొట్టి బైట్లు లెక్కబెట్టండి. 128 గానీ 256 గానీ వస్తే చీటీ అందినట్టు. సున్నా వస్తే అందలేదు. ‘మోడ్స్’ ఫైలులో చీటీలోని సైజుల పట్టిక ఉంటుంది.

ఇప్పుడు తీర్పు సులువు. స్టేటస్ డిస్‌కనెక్టెడ్ అంటే కేబులైనా సరిగ్గా దిగలేదు, 5 వోల్టులైనా చాలడం లేదు. స్టేటస్ సరిగ్గా ఉండి ఈడిడ్ సున్నా అయితే 15, 16 పిన్నుల దారిలో తేడా. ఇలాంటిది చౌక అడాప్టర్లలో ఎక్కువ. రెండూ సరిగ్గా ఉండి బొమ్మ మీద మెరుపు చుక్కలు రాలుతుంటే వేగం తట్టుకోలేని కేబుల్. అప్పుడు 1280×720కి దిగండి. ఒక్కో జత మీద బిట్ల వేగం సరిగ్గా సగానికి, 74.25 కోట్లకు తగ్గుతుంది. చుక్కలు పోయాయంటే దోషం కేబుల్‌దే.

5 వోల్టుల సంగతి ఇక్కడే చెప్పాలి. పెద్ద పై బోర్డులు కరెంటు 4.63 వోల్టుల కిందికి పడితే తెర మీద మెరుపు గుర్తు చూపి హెచ్చరిస్తాయి. జీరో వర్గం బోర్డుల్లో ఆ కాపలా సర్క్యూట్ లేదు. బూస్ట్ బోర్డు కుంగిపోయినా మనకు ఎవరూ చెప్పరు. టీవీ తగిలించి, పని నడుస్తుండగా బోర్డు మీది 5 వోల్టు పిన్నుకూ గ్రౌండుకూ మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి. 4.8 కన్నా దిగుతుంటే ఇంకొంచెం బలమైన బూస్ట్ బోర్డు వేయండి. జీరో 2 డబ్ల్యూకు 2.5 ఆంపియర్ల సప్లై ఉండాలని తయారీదారులే సూచిస్తారు.

గుచ్చేముందు ఎర్తింగ్

దయచేసి ఈ భాగం దాటేయకండి. రాయలసీమలో ఇది ఇంకా ముఖ్యం.

టీవీలోనూ ఫోన్ చార్జర్‌లోనూ ఉండే పవర్ సప్లైలో మెయిన్స్ వైపు నుంచి ఇవతలి వైపుకు ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. రొద తగ్గించడానికి పెట్టింది అది. ఎర్తింగ్ లేకపోతే దాని గుండా కొద్దిగా కరెంటు కారి, లోహపు భాగాలు 230లో సగం దాకా, అంటే సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతుంటాయి. కారే కరెంటు మిల్లీ ఆంపియర్ కన్నా తక్కువే. బేతంచర్ల నాపరాళ్ల నేల మీద ఉత్త కాళ్లతో నిలబడి టీవీ వెనక సాకెట్ తాకితే జిల్లుమనేది అదే. మనిషికి అది చురుకు మాత్రమే. మన బోర్డు చిప్పుకు మాత్రం ఆ ఒక్క తాకిడి చాలవచ్చు.

మన నేల రాతినేల, వానలు తక్కువ. ఇంటి వెనక ఎర్తింగ్ గుంతలో వేసిన బొగ్గూ ఉప్పూ తడిగా ఉంటేనే పని చేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో అది ఎండిపోతే మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నా మూడో పిన్ను పేరుకే. ఎండాకాలంలో ఆ గుంతలో అప్పుడప్పుడూ బిందెడు నీళ్లు పోయండి. ఎర్తింగ్ ఉందో లేదో సాకెట్‌లో మీటర్ పెట్టి మీరే చూడబోకండి, వైర్‌మెన్‌తో చూపించండి. జిల్లుమనడం కాకుండా గట్టిగా కొడితే అది కారే కరెంటు కాదు, లోపం. టీవీ ప్లగ్గు పీకేసి మనిషిని పిలవండి.

ఇక గుచ్చే వరుస. టీవీని గోడ స్విచ్ దగ్గరే ఆపండి. చేతి కంప్యూటర్‌ను చార్జర్ నుంచి తీసి బ్యాటరీ మీదే ఉంచండి. హెచ్‌డీఎంఐ గుచ్చండి. తర్వాత టీవీ, దాని తర్వాత కంప్యూటర్ ఆన్ చేయండి. తీసేటప్పుడు ముందు రెండూ ఆపాలి.

పెట్టెలో అమర్చడం

బోర్డు మీది మినీ సాకెట్ పక్కకు లాగితే ఊడిపోతుంది. అందుకే భారమంతా పెట్టె గోడకు బిగించిన సాకెట్ మీద పడాలి, బోర్డు మీద కాదు. గోడలో కంత సాకెట్‌కు సరిపోతే చాలదు. బయటి ప్లగ్గుకు ఉండే మందపాటి ప్లాస్టిక్ అడ్డుపడకుండా సాకెట్ నోరు గోడ ఉపరితలంతో సమంగా ఉండాలి. రిబ్బన్‌ను మడత పెట్టకండి, గుండ్రంగా తిప్పండి. ఇంకొకటి: బోర్డు అంచున హెచ్‌డీఎంఐకీ డేటా యూఎస్‌బీకీ మధ్య త్రికోణంలా కనబడే ఖాళీయే వైఫై యాంటెన్నా. రిబ్బన్ దాని మీదుగా పోతే సిగ్నల్ పడిపోతుంది.

సెట్టింగు

మామూలుగా ఏమీ చేయనక్కర్లేదు. చీటీ అందితే సిస్టమే సైజు ఎంచుకుంటుంది. చీటీ ఇవ్వని టీవీలకు మాత్రం బలవంతం చేయాలి. 2023లో వచ్చిన రాస్‌బెర్రీ పై సిస్టమ్ వెర్షన్ బుక్‌వర్మ్ నుంచి కమాండ్‌లైన్ ఫైలు (సిస్టమ్ లేచేటప్పుడు చదివే సూచనల ఫైలు) బూట్ లోపలి ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లోకి మారింది. ఆ ఫైలులో ఉన్న ఒకే ఒక్క వరుస చివర ఒక ఖాళీ వదిలి ఇది చేర్చండి. ఫోన్‌లో చెప్పినట్టు చెబుతున్నాను, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి: వీడియో, ఈక్వల్స్ గుర్తు, హెచ్‌డీఎంఐ పెద్ద అక్షరాల్లో, హైఫన్, పెద్ద ఎ, హైఫన్, 1, కోలన్, 1280, చిన్న ఎక్స్, 720, పెద్ద ఎం, ఎట్ గుర్తు, 60, పెద్ద డి. మధ్యలో ఖాళీలు ఉండకూడదు. ఎంటర్ కొట్టి రెండో వరుస చేశారంటే చేర్చింది పని చేయదు. చివరి డి అంటే ‘టీవీ పలక్కపోయినా డిజిటల్ బొమ్మ పంపు’ అని. పాత పాఠాల్లో కాన్ఫిగ్ ఫైలులో రాయించే ఫోర్స్ హాట్‌ప్లగ్ వరుస ఇప్పటి డ్రైవర్‌తో పని చేయదు, దాని జోలికి పోకండి.

టీవీలో అంచులు కోసేసినట్టు కనబడితే తప్పు మన వైపు లేదు. టీవీ మెనూలో బొమ్మ సైజును ‘ఉన్నది ఉన్నట్టు’ చూపే ఎంపిక ఉంటుంది, అది పెట్టండి.

పాత వీజీఏ మానిటర్ ఉంటే

పాత సామాన్ల అంగళ్లలో చౌకగా దొరికేవి ఇవే. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చేది ఉత్త తీగ కాదు, లోపల చిప్పు ఉంటుంది. అది 18వ పిన్ను నుంచే కరెంటు తాగుతుంది. ప్రమాణం ప్రకారం ఆ పిన్ను ఇవ్వాల్సిన కనీసం 55 మిల్లీ ఆంపియర్లే, చాలా కన్వర్టర్లకు అది చాలదు. కాబట్టి పక్కన వేరే యూఎస్‌బీ కరెంటు సాకెట్ ఉన్న కన్వర్టరే తీసుకోండి. 17 అంగుళాల పాత మానిటర్లలో చాలావాటి సొంత సైజు 1280×1024. వేరే సైజు పెడితే తెలుగు వత్తులు మసకబారతాయి.

ఎండల సంగతి ఒక్క మాట. గది 40 డిగ్రీలు దాటిన రోజున మూసిన పెట్టెలో బోర్డు 80కి చేరడం కష్టం కాదు, అక్కడ అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పెద్ద తెర మీద పని చేసేటప్పుడు పెట్టె వెనక మూత తీసి ఉంచండి.

ఈ వారం చేయాల్సింది: మీ టీవీకి తగిలించి స్టేటస్, ఈడిడ్ బైట్ల లెక్క, మోడ్స్‌లో మొదటి వరుస, బోర్డు మీది 5 వోల్టుల కొలత – ఈ నాలుగూ నోట్‌బుక్‌లో రాసుకోండి. టీవీ కాకుండా ఇంకో మానిటర్ దొరికితే దానివీ పక్కన రాయండి. ఏడో పాఠంలో చిన్న తెరనూ పెద్ద తెరనూ ఒకేసారి వెలిగించి, చిన్నదాని మీద నిఘంటువు, పెద్దదాని మీద రాత పెట్టుకోబోతున్నాం. దానికి ఈ అంకెలు కావాలి.