పాత వీలునామాను రద్దుపరుస్తూ కొత్తది ఎలా రాయాలి?

వీలునామా రాసిన పదేళ్లకు అందులోని స్థలం చేతులు మారి ఉండొచ్చు. కొత్తగా ఫ్లాట్ కొని ఉండొచ్చు. అప్పుడు దూరంగా ఉన్న కూతురే ఇప్పుడు దగ్గరుండి చూసుకుంటూ ఉండొచ్చు. రాసినవారు బతికి ఉన్నంతకాలం, మతి స్థిమితంగా ఉన్నంతకాలం వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చని భారత వారసత్వ చట్టం, 1925లోని 62వ సెక్షన్ చెబుతోంది. కొత్త కాగితం రాయడం వరకు చాలామంది చేస్తారు. పాత కాగితం సంగతి ఏమైందో అందులో రాయరు. పిల్లలు కోర్టు మెట్లెక్కేది అక్కడే.

ఒక ఉదాహరణ చూడండి. 2012లో ఒక తండ్రి ఇల్లు పెద్ద కొడుక్కి, రెండెకరాల పొలం చిన్న కొడుక్కి రాశాడు. 2023లో మరో వీలునామాలో ఇల్లు కూతురికి చెందాలని మాత్రమే రాశాడు. పొలం ఊసే లేదు, పాత వీలునామా ఊసూ లేదు. ఇలాంటప్పుడు రెండు కాగితాలనూ కలిపి చదువుతారు. రెండూ పొసగని చోట తర్వాతది నిలుస్తుంది, మిగతా చోట పాతది బతికే ఉంటుంది. అంటే పొలం చిన్న కొడుక్కే. ఆ తండ్రి అనుకున్నది అదేనా, లేక పొలాన్ని ముగ్గురూ పంచుకోవాలనా? చెప్పడానికి ఆయన ఉండడు.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా హిందువులకు వర్తించే పద్ధతి. క్రైస్తవులకు పెళ్లితోనే అంతకుముందు రాసిన వీలునామా రద్దవుతుంది, హిందువులకు ఆ నియమం లేదు. ముస్లింలకు వేరే ధర్మశాస్త్రం ఉంది, వీలునామాతో ఇవ్వగలిగేదానికి సాధారణంగా ఆస్తిలో మూడో వంతు పరిమితి ఉంది. వారు అది తెలిసిన న్యాయవాదిని అడగాలి.

ముందు పాతవన్నీ బయటికి తీయండి

ఎప్పుడెప్పుడు రాశారో, ఏది రిజిస్టరయిందో, ఏది ఇంట్లోనే ఉందో చూసుకోండి. రిజిస్టరయిన వీలునామాపై దస్తావేజు నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పేరు ఉంటాయి. వీలునామాలు అక్కడ 3వ పుస్తకంలో నమోదవుతాయి. ఈ వివరాలు రద్దు వాక్యంలోకి రావాలి.

పాత కాగితం మీదే పేరు కొట్టేసి పక్కన మరో పేరు రాయడం మాత్రం వద్దు. 71వ సెక్షన్ ప్రకారం ఆ దిద్దుబాటు పక్కన కూడా మీ సంతకం, సాక్షుల సంతకాలు ఉండాలి. లేకపోతే దానికి విలువ లేదు. చిన్న మార్పు అయితే అనుబంధ వీలునామా, అంటే కొడిసిల్, రాయొచ్చని చట్టం ఒప్పుకుంటుంది. నా అభిప్రాయం మాత్రం వేరు. రెండు పేజీలు ఆదా చేయడానికి మూడు కాగితాలు కలిపి చదవాల్సిన పని పిల్లలకు పెట్టకండి. మొత్తం కొత్తగా రాసేయండి.

రద్దు వాక్యం

మీ పేరు, వయసు, చిరునామా, స్వబుద్ధితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్నారన్న మాట అయిపోగానే, ఆస్తుల పంపకం మొదలుకాకముందే ఈ వాక్యం పెట్టండి. దస్తావేజుల భాషలో ఇలా ఉంటుంది:

"నేను ఇదివరలో వ్రాసియుండిన వీలునామాలను, అనుబంధ వీలునామాలను అన్నింటిని, అవి రిజిస్టరు అయినవైనను కాకపోయినను, ముఖ్యముగా ............ తేదీన ............ సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో ............ నంబరుగా రిజిస్టరు చేయించిన వీలునామాను, ఈ వీలునామా మూలకముగా సంపూర్ణముగా రద్దుపరచుచున్నాను. ఇదియే నా ఆఖరి వీలునామా."

ఇందులో ప్రతి ముక్కకూ పని ఉంది. "అన్నింటిని" అన్నది మీరు మరిచిపోయిన కాగితాన్ని కూడా పట్టుకుంటుంది. నంబరు, తేదీ పలానా వీలునామా గురించేనని తేలుస్తాయి. "ఆఖరి వీలునామా" అని మాత్రమే రాసి ఊరుకుంటే పాతది పూర్తిగా పోయిందా, కొంతే పోయిందా అని వాదించడానికి సందు ఉంటుంది. "రద్దుపరచుచున్నాను" అన్న క్రియ ఉంటే ఆ సందు మూసుకుపోతుంది. "మార్చుచున్నాను", "సవరించుచున్నాను" అని రాయకండి, సవరించారంటే పాతది ఇంకా ఉన్నట్టే. గ్రాంథికం ఇబ్బందిగా ఉంటే "ఈ వీలునామా ద్వారా పూర్తిగా రద్దు చేస్తున్నాను" అన్నా చట్టానికి అభ్యంతరం లేదు.

ఆ తర్వాత ఆస్తులన్నీ, పాత వీలునామాలో ఉన్నవి సహా, సర్వే నంబర్లు, హద్దులతో మళ్లీ రాయండి. చివర్లో "పైన పేర్కొనని ఆస్తులు, ఇకముందు సంపాదించేవి ఫలానా వారికి" అని ఒక వాక్యం ఉంటే ఏదీ గాల్లో మిగలదు. ఒక బిడ్డకు తగ్గించినా, ఇవ్వకపోయినా కారణం రెండు మాటల్లో రాయండి. సహజ వారసులను ఎందుకు పక్కన పెట్టారో తెలియని వీలునామాను కోర్టులు అనుమానంగా చూస్తాయి. లబ్ధి పొందేవారే ముందుండి రాయించినా అంతే. 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. అందుకే ఆస్తి ఎవరికి ఎక్కువ వస్తోందో వారి చేత దస్తావేజు లేఖరిని పిలిపించకండి.

సంతకాలు

63వ సెక్షన్ ప్రకారం మీరు సంతకం లేదా వేలిముద్ర వేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు దాన్ని చూడాలి, లేదా అది మీదేనని మీ నోటి నుంచి వినాలి. ఆ ఇద్దరూ మీ ఎదుటే సంతకాలు చేయాలి. ఆస్తి పొందేవారినీ, వారి భార్యాభర్తలనూ సాక్షులుగా పెట్టకండి. మీకంటే వయసులో చిన్నవారైతే మంచిది, రేపు కోర్టులో చెప్పాల్సింది వారే. డాక్టరును ఒక సాక్షిగా పెట్టుకోవడం తప్పనిసరి కాదు గానీ పెద్దవయసులో ఎంతో పనికొస్తుంది. తేదీ మరవకండి, ఏది తర్వాతదో తేల్చేది అదే.

స్టాంపు పేపరు అక్కర్లేదు. రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. రిజిస్టరయిన పాత వీలునామాను రిజిస్టరు కాని కొత్త వీలునామా కూడా రద్దు చేయగలదు. అయినా పాతది రిజిస్టరయి ఉంటే కొత్తదాన్ని కూడా రిజిస్టరు చేయించమనే చెబుతాను. పాతది పట్టుకొచ్చిన వారికి ఆఫీసు ముద్ర ఉన్న కాగితంతో జవాబు చెప్పడం తేలిక. దీనికి గడువు లేదు, ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనైనా ఇవ్వొచ్చు.

మరోటి గుర్తుంచుకోవాలి. రేపు మనసు మారి కొత్తదాన్ని చింపేస్తే పాతది దానంతటదే తిరిగి ప్రాణం పోసుకోదు. 73వ సెక్షన్ ప్రకారం దాన్ని మళ్లీ సాక్షులతో రాయించాల్సిందే. లేదంటే వీలునామా లేనట్టే లెక్క, ఆస్తి హిందూ వారసత్వ చట్టం చెప్పినట్టు పంపకమవుతుంది.

వీలునామా రద్దు చేయలేనివి

రిజిస్టరు చేసి ఇచ్చేసిన దాన సెటిల్‌మెంట్‌ను వీలునామాలో ఒక వాక్యంతో వెనక్కి తీసుకోలేరు. ఆ ఆస్తి అప్పుడే మీ చేయి దాటింది. బ్యాంకు ఖాతాలు, షేర్ల విషయంలో నామినీ కేవలం సొమ్ము అందుకునే మనిషి, అసలు హక్కు వీలునామాదే. షేర్ల గురించి సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఇదే చెప్పింది. జీవిత బీమా వేరు. 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ము సాధారణంగా వారిదే. పాలసీ నామినీని మార్చాలనుకుంటే ఆ సంగతి బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి, వీలునామాలో రాసి ఊరుకుంటే కంపెనీ పాత నామినీకే సొమ్ము ఇచ్చేయొచ్చు.